మార్వెల్‌కి వండర్ వుమన్ స్థాయి ముఖం ఎవరు? నా ఓటు స్టార్మ్‌కే

వానమబ్బు:

అమెరికా కామిక్స్ కంపెనీల్లో డీసీ సంగతి అడిగితే ఎవరైనా తడుముకోకుండా వండర్ వుమన్ అంటారు. 1941లో పుట్టిన పాత్ర, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల సరసన మూడో స్థానం ఆమెదే. జీవితంలో ఒక్క కామిక్ కూడా చదవని మా అత్తయ్య కూడా ఆ కిరీటం, ఆ నక్షత్రాల దుస్తులు చూసి టక్కున పోల్చుకుంటుంది. మరి పోటీ కంపెనీ మార్వెల్‌లో? స్పైడర్‌మ్యాన్, ఐరన్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా, వుల్వరీన్. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లలో ఒక్క పేరు చెప్పమంటే పదిమంది పది పేర్లు చెబుతారు.

2012 నుంచి మార్వెల్ ఆ స్థానంలో క్యారోల్ డాన్వర్స్‌ని, అంటే కెప్టెన్ మార్వెల్‌ని నిలబెట్టాలని చూస్తోంది. క్యారోల్ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ స్థానం ఒరోరో మన్రోది, అంటే వానల్నీ మెరుపుల్నీ ఆడించే స్టార్మ్‌ది.

1970 నుంచి 1975 దాకా, పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్ల జట్టు ఎక్స్‌మెన్ పత్రికలో కొత్త కథలే లేవు, పాతవే తిరిగి వేసేవారు. 1975లో రచయిత లెన్ వీన్, చిత్రకారుడు డేవ్ కాక్రమ్ కలిసి ‘జెయింట్ సైజ్ ఎక్స్‌మెన్’ మొదటి సంచికలో కొత్త జట్టు తెచ్చారు. ఆ జట్టులో వచ్చిన పిల్లే ఒరోరో. కైరోలో ఉండగా విమానం ఇంటి మీద కూలి తల్లీ తండ్రీ పోయారు. శిథిలాల కింద తల్లి శవం పక్కనే చిక్కుకుపోయింది. ఇరుకు చోటంటే ప్రాణాలు పోయేంత భయం అప్పుడే పట్టుకుంది. తర్వాత కైరో వీధుల్లో జేబులు కొట్టింది. అక్కణ్ణుంచి కెన్యాకి నడిచి వెళ్తే, వానలు కురిపిస్తోందని జనం దేవతలా కొలిచారు. ఇదంతా ఆమె ఎక్స్‌మెన్‌లో చేరకముందు కథ! ఎవరి భార్యగానో చెల్లెలిగానో కాకుండా సొంత కాళ్ల మీద కథలోకి నడిచొచ్చిన మనిషి.

మీరేమంటారు? కారణం చెప్పి ఓటు వేయండి, ఉత్త పేరు రాసి వెళ్లిపోకండి.

గగనవిహారి:

క్యారోల్ డాన్వర్స్. కారణం చెప్పమన్నారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

1968లో రాయ్ థామస్, జీన్ కోలన్ ఆమెని ఒక వైమానిక స్థావరం భద్రతాధికారిగా పరిచయం చేశారు. శక్తులు వచ్చి మిస్ మార్వెల్‌గా సొంత పత్రిక 1977లో మొదలైంది. ఆమె తండ్రి కొడుకుని మాత్రమే కాలేజీకి పంపిస్తానంటాడు. ఆడపిల్లకి చదువు దండగ అని ఆయన లెక్క. దాంతో ఆమె పద్దెనిమిదేళ్లకి వైమానిక దళంలో చేరుతుంది. ఈ మాట మన ఇళ్లలో వినపడనిదా? నాకు ఆమె దగ్గరైంది అక్కడే. గ్రహాంతర శక్తుల కంటే ముందే, ఇంట్లో వద్దన్నదాన్ని బయట సాధించుకున్న మనిషి ఆమె.

2012లో కెల్లీ స్యూ డికానిక్ చేతిలో కెప్టెన్ మార్వెల్ అయ్యాక అసలు ప్రయాణం మొదలైంది. జేమీ మెకెల్వీ గీసిన ఆ దుస్తులు చూడండి, నిజంగా పైలట్ వేసుకునేలా ఉంటాయి. అంతకుముందు ఈత దుస్తుల్లా ఉండేవాటితో పోలిస్తే ఎంత మర్యాద తెచ్చారో! 2019 మార్చి 8న సినిమా వచ్చింది, మన దగ్గర తెలుగులోనూ ఆడింది. వంద కోట్ల డాలర్లు దాటిన వసూళ్లు. మార్వెల్ స్టూడియోస్‌లో ఒక్క ఆడ హీరో పేరు మీదే వచ్చిన మొదటి సినిమా అది.

ముఖం అంటే జనానికి తెలిసిన ముఖం. హాల్లో మా చిన్నదానికి ఏడేళ్లు. క్యారోల్ పడిపోయిన ప్రతిసారీ చిన్నప్పటి నుంచీ లేచి నిలబడటం వరుసగా చూపిస్తారే, ఆ చోట మా పిల్ల సీటు మీద లేచి నిలబడింది. ఇంకేం కావాలి?

చట్టంచదివినోడు:

గగనవిహారి గారూ, క్యారోల్ మంచి పాత్రే. కానీ ఆ పేరు వెనక ఉన్న కథ ఇక్కడ చెప్పుకోవాలి.

కెప్టెన్ మార్వెల్ అనే హీరో 1940లో ఫాసెట్ అనే వేరే కంపెనీ సొత్తు. ఇప్పుడు మనం షజామ్ అంటున్నది అతన్నే. సూపర్‌మ్యాన్‌కి నకలు అని డీసీ వాళ్లు దావా వేసి ఏళ్ల తరబడి నడిపించారు. 1953కల్లా ఫాసెట్ ఆ కామిక్స్ ఆపేసింది. ఆ పేరు ఖాళీగా ఉండటం చూసి 1967లో మార్వెల్ తన హీరో ఒకడికి పెట్టేసుకుంది. ట్రేడ్‌మార్క్ నిలబడాలంటే పేరుని వాడుతూ ఉండాలి. అందుకే మొదటివాడు 1982లో కేన్సర్‌తో పోయాక అదే ఏడాది ఆ పేరు మోనికా రాంబోకి వచ్చింది. మోనికా న్యూ ఆర్లీన్స్ హార్బర్ గస్తీలో పనిచేసిన నల్లజాతి మహిళ, తర్వాత అవెంజర్స్‌కి నాయకత్వం కూడా వహించింది. కెప్టెన్ మార్వెల్ పేరు మోసిన మొదటి ఆడ హీరో క్యారోల్ కాదు, మోనికా. ఆమెని పక్కకి నెట్టేశారని నాకు ఇప్పటికీ బాధే.

స్పైడర్ వుమన్‌దీ ఇదే దారి. వేరే యానిమేషన్ కంపెనీ ఆ పేరుతో పాత్ర తెస్తోందని తెలిసి 1977లో మార్వెల్ ముందే పేరు కట్టేసుకుంది. షీ హల్క్ 1980లో వచ్చింది. టీవీలో హల్క్ తీస్తున్నవాళ్లు తామే ఒక ఆడ హల్క్‌ని పుట్టిస్తారేమోనన్న భయంతో తెచ్చారు. ఆ తర్వాత ఈ పాత్రలకి ప్రాణం పోసిన రచయితలున్నారు, కాదనను. షీ హల్క్‌గా మారే జెన్నిఫర్ వాల్టర్స్ లాయర్ కాబట్టి నాకు మరీ ఇష్టం. కానీ ఒక సంస్థ మొత్తానికి ముఖం అనుకుంటే, ఎవరి పేరుకో తోకలా పుట్టని పాత్ర కావాలి. ఆ లెక్కలో స్టార్మ్ నెగ్గుతుంది.

ఎర్రమాయ:

వాండాని, అదే స్కార్లెట్ విచ్‌ని ఎవరూ తలచుకోరేంటి? 2021లో ‘వాండావిజన్’ వచ్చినప్పుడు మా హాస్టల్లో ప్రతి శుక్రవారం ఒకే లాప్‌టాప్ ముందు అందరం గుమిగూడేవాళ్లం. దుఃఖాన్ని అంత లోతుగా చూపించిన సూపర్‌హీరో కథ నేను ఇంకోటి చూడలేదు. 1964 నుంచి ఉన్న పాత్ర, శక్తి చూస్తే వాస్తవాన్నే మార్చేయగలదు. నా ఓటు స్కార్లెట్ విచ్‌కి.

పాతసంచికలు:

ఎర్రమాయా, వాండా అద్భుతమైన పాత్రే తల్లీ. కానీ మార్వెల్ ఆమెని ప్రతి పెద్ద కథలోనూ మతి తప్పిన మనిషిగానే వాడుకుంది. 2005లో ఆమె ఒక్క మాటతో లోకంలో మ్యూటెంట్లు దాదాపు అందరూ శక్తులు కోల్పోతారు. అంత శక్తి ఆడదాని చేతికొస్తే ప్రమాదమే అన్నట్టు మళ్లీ మళ్లీ రాయడం నాకు నచ్చదు. ఎక్స్‌మెన్‌లోని జీన్ గ్రేకి 1980లో జరిగిందీ అదే. ఫీనిక్స్‌గా ఆకాశమంత ఎత్తుకి తీసుకెళ్లి, 137వ సంచికలో చంపేశారు.

నేను సూ స్టార్మ్ పేరు ప్రతిపాదిస్తున్నాను. ఇంటిపేరు స్టార్మ్, వానమబ్బు గారు చెప్పే స్టార్మ్ వేరు. 1961 నవంబరు, ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచిక. ఇవాళ మనం చూస్తున్న మార్వెల్ లోకం మొదలైందే అక్కడ, ఆ నలుగురిలో ఒక్క ఆడమనిషి ఆమె. మొదట్లో ఆమెకి మాయమవడం తప్ప ఏమీ రాదు. పాఠకులు ఈమె దండగ అని ఉత్తరాలు రాస్తే 11వ సంచికలో ఆ గొడవనే కథలో పెట్టారు. సూ ఆ ఉత్తరాలు చదివి బాధపడుతుంది. జట్టు నాయకుడు రీడ్ ఆమెని సమర్థిస్తూ అబ్రహాం లింకన్ తల్లిని ఉదాహరణగా తెస్తాడు. గొప్పవాడి వెనకున్న తల్లిలా ఆమె కూడా ముఖ్యమేనట! ఆ పేజీ చదువుతుంటే ఒళ్లు మండుతుంది. కానీ 22వ సంచికలో ఆమెకి శక్తి కవచాలు వచ్చాయి. అక్కణ్ణుంచి ఒక్కో రచయితా కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చి, 1980ల్లో జాన్ బర్న్ చేతిలో నలుగురిలోకీ బలమైనది ఆమే అన్న చోటికి చేరింది. ఆడవాళ్లని రాయడం మార్వెల్ ఎలా నేర్చుకుందో చూడాలంటే సూ కథ చూస్తే చాలు.

వానమబ్బు:

పాతసంచికలు గారూ, మీ మాట కొట్టిపారేయలేను. కానీ సూకి సొంత పేరు మీద మొదటి సిరీస్ ఎప్పుడొచ్చిందో చూడండి. 2019లో, అదీ అయిదు సంచికలు. యాభై ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆమె గొప్పతనమంతా ఆ కుటుంబంతో ముడిపడి ఉంది. అది తప్పు కాదు, అందం కూడా. కానీ ముఖం కావాలంటే ఒంటరిగా నిలబడాలి కదా.

స్టార్మ్ ఒంటరిగా ఎలా నిలబడుతుందో చెప్పనివ్వండి. 1983, అన్‌క్యానీ ఎక్స్‌మెన్ 170. న్యూయార్క్ సొరంగాల్లో బతికే మోర్లాక్స్ అనే మ్యూటెంట్ల నాయకురాలు కాలిస్టో, పాత ఎక్స్‌మెన్ సభ్యుడు ఏంజెల్‌ని ఎత్తుకెళుతుంది. స్టార్మ్‌కి ఒళ్లు కాలిపోయే జ్వరం, పైగా నేల కింద ఇరుకు చోటు. కాలిస్టోతో కత్తి పోటీకి జట్టులోని నైట్‌క్రాలర్ తయారైతే, నాయకురాలిని నేను అని తనే ముందుకొస్తుంది. కాలిస్టోకి ఒక నమ్మకం, ఎక్స్‌మెన్ ఎవర్నీ చంపరు. స్టార్మ్ కత్తి తిన్నగా గుండెల్లో దిగుతుంది. వైద్యం తెలిసిన మోర్లాక్ ఉండబట్టి కాలిస్టో బతికింది. చంపడానికి సిద్ధపడి ఆ దెబ్బ కొట్టానని స్టార్మ్‌కీ తెలుసు. మూడు సంచికలు తిరిగేసరికి జపాన్‌లో జుట్టు కత్తిరించుకుని, నల్ల లెదర్ వేసుకుని కనిపిస్తుంది. జట్టులో చిన్నపిల్ల కిట్టీ తట్టుకోలేక ఏడుస్తూ పారిపోతుంది. తల్లిలా చూసుకున్న మనిషి అర్థం కాకుండా మారిపోతే పిల్లకి కలిగే భయం అది.

185లో ఒక ఆయుధం దెబ్బకి స్టార్మ్ శక్తులన్నీ పోతాయి. ఆ ఆయుధం తయారుచేసింది ఫోర్జ్ అని, తను ప్రేమిస్తున్నదీ అతన్నే అని 186లో తెలుస్తుంది. బ్యారీ విండ్సర్ స్మిత్ బొమ్మలు, ఆ సంచికలో యుద్ధం అంటూ పెద్దగా లేదు. ఇద్దరు మనుషులు ఒక ఇంట్లో మాట్లాడుకుంటారు, అంతే.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైనది 201. పాత నాయకుడు సైక్లాప్స్‌కి కొడుకు పుట్టి కొన్నాళ్లే. అయినా ఎక్స్‌మెన్ నాయకత్వం తనకే కావాలంటాడు. తేల్చుకోవడానికి ఇద్దరూ డేంజర్ రూమ్ అనే శిక్షణ గదిలో దిగుతారు. అతని కళ్లలో కొండల్ని పగలగొట్టే శక్తి. ఆమె చేతిలో ఏమీ లేదు, మామూలు మనిషి. నక్కుతూ, కాచుకుంటూ, అతని అలవాట్లన్నీ తెలిసినదానిలా ఒక్కో అడుగూ వేసి చివరికి ఆ శక్తిని అదుపులో ఉంచే అతని కళ్లజోడు లాగేసుకుంటుంది. అతను కళ్లు మూసుకుని నిలబడిపోవాలి. శక్తి లేకుండా నాయకత్వం గెలుచుకున్న సూపర్‌హీరో ఎంతమంది ఉన్నారు? అందుకే నా ఓటు ఆమెకి.

గగనవిహారి:

201 నేనూ చదివాను, బాగుంటుంది. కానీ మీరు చెప్పినవన్నీ ఎక్స్‌మెన్ సంచికలే. సూకి పెట్టిన రూలే స్టార్మ్‌కీ పెట్టండి మరి. 1996లో నాలుగు సంచికలు, 2006లో ఆరు, 2014లో గ్రెగ్ పాక్ రాసిన సిరీస్ పదకొండు సంచికలకే ఆగిపోయింది. అదే క్యారోల్‌కి 2006లో మొదలైన సిరీస్ యాభై సంచికలు, 2019లో కెల్లీ థాంప్సన్ మొదలుపెట్టినది ఇంకో యాభై. పాఠకులు డబ్బు పెట్టి నెలనెలా కొన్నారు. అభిమానం అంటే అదే కదా?

ఇంకో మాట. క్యారోల్‌ని మార్వెల్ ఎప్పుడూ నెత్తిన పెట్టుకోలేదు. 1980లో అవెంజర్స్ 200వ సంచికలో ఆమెకి జరిగింది గుర్తుందా? మార్కస్ అనేవాడు ఆమె మనసుని యంత్రంతో లొంగదీసుకుని గర్భవతిని చేస్తే, అవెంజర్స్ అందరూ నవ్వుతూ అతనితో సాగనంపుతారు. మరుసటి ఏడాది రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అవెంజర్స్ పదో వార్షిక సంచికలో ఆమె చేతే అవెంజర్స్‌ని నిలదీయించాడు. నేను నోరెత్తలేని స్థితిలో ఉంటే మీలో ఒక్కరికీ అనుమానం రాలేదా అన్నదే ఆ నిలదీతలో సారం. ఆ సంచికలోనే రోగ్ అనే మ్యూటెంట్ ఆమె శక్తుల్నీ జ్ఞాపకాల్నీ లాగేసుకుంటుంది. అంత జరిగాక కూడా లేచి 2012 దాకా వచ్చింది. పడి లేవడమే క్యారోల్ కథ అయినప్పుడు, ఆ ముఖం ఆమెది కాకపోతే ఇంకెవరిది?

జెర్సీసిటీఅమ్మ:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు, ఇవాళ రాయాలనిపించింది.

మాది గుంటూరు, ఉండేది జెర్సీ సిటీలో. క్యారోల్ పాత పేరు మిస్ మార్వెల్‌తో వచ్చిన కొత్త హీరో, పాకిస్తానీ ముస్లిం కుటుంబపు పిల్ల కమలా ఖాన్ ఊరు మా ఊరే! 2014లో జీ విల్లో విల్సన్ రాసి, ఏడ్రియన్ ఆల్ఫోనా గీసిన ‘మిస్ మార్వెల్’ మా అమ్మాయికి లైబ్రరీలో దొరికింది. మొదటి కొన్ని పేజీల్లోనే కమలా కిరాణా కొట్లో నిలబడి పంది మాంసం శాండ్‌విచ్ వాసన చూస్తుంటుంది. తినకూడదు, కానీ వాసన ఎంత బాగుందో! మాది వేరే మతం, వేరే దేశం. అయినా బడిలో స్నేహితుల డబ్బాల వైపు మా పిల్ల చూసే చూపు అదే. రాత్రి పార్టీకి పోవద్దంటాడు తండ్రి, కిటికీలోంచి దూకి వెళ్తుంది. వాళ్లమ్మ తిట్లు వింటుంటే నా గొంతు నాకే వినపడింది.

శక్తులు వచ్చిన మొదటి రాత్రి ఆమె రూపం క్యారోల్‌లా మారిపోతుంది, పసుపు జుట్టు, పాత దుస్తులు, పొడుగు బూట్లు. అందరూ మెచ్చే ఆ రూపం దొరికితే ఆనందంగా ఉంటుందనుకున్న పిల్లకి ఆ బట్టలు ఇబ్బందిగా, ఊపిరాడనట్టుగా అనిపిస్తాయి. మా అమ్మాయి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ పుస్తకానికి 2015లో సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో బస్సుల మీద ముస్లింలకి వ్యతిరేకంగా ప్రకటనలు వేస్తే, ఎవరో వాటి మీద కమలా బొమ్మలు అతికించి కప్పేశారు. కంపెనీ చేయించింది కాదు, జనం చేసిన పని. ముఖం అంటే అదే కాదా? 2023లో స్పైడర్‌మ్యాన్ పత్రికలో, వేరేవాళ్ల కథలో, ఆమెని చంపేశారు. వెంటనే బతికించారు, అది వేరే మాట. ఆ పిల్ల చావు కూడా ఆమె సొంత పత్రికలో రాయలేదన్న బాధ మాత్రం నాకు పోలేదు.

గీతలరాత:

అమ్మగారూ, మీరు రాసింది చదివి నేనూ కాసేపు ఆగాను.

నేను బొమ్మలు గీస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఐకాన్ అనిపించుకోవాలంటే మొహం గీయకుండా ఉత్త నల్లని నీడ గీసినా ఎవరో తెలియాలి. బ్యాట్‌మ్యాన్ చెవులు, స్పైడర్‌మ్యాన్ కూర్చునే తీరు, వండర్ వుమన్ కిరీటం. ఈ పరీక్ష క్యారోల్‌కి పెడితే ఎగురుతున్న ఒక మనిషి, అంతకుమించి తెలియదు. రంగులుంటేనే పోల్చగలం. స్టార్మ్‌ని గీయండి. చేతుల్ని అంటుకుని రెక్కల్లా విచ్చుకునే ఆ దుప్పటి, గాలికి లేచిన పొడుగు జుట్టు, తల మీద ఆ అలంకారం. నీడలోనే పట్టేయొచ్చు. కాక్రమ్ తను వేరే చోట వాడదామనుకున్న రెండు మూడు పాత్రల ఆలోచనలు కలిపి ఆమెని గీశాడు. తెల్లజుట్టు పెడితే ముసలమ్మలా ఉంటుందేమోనని అప్పట్లో సందేహించారట. ఆ జుట్టే ఇవాళ ఆమె గుర్తు.

ఇంకో విశేషం, చిత్రకారుడు పాల్ స్మిత్ ఆ జుట్టంతా తీసేసి పంక్ వేషం వేసినా ఆమె ఆమెలాగే ఉంది. రెండు పూర్తిగా వేరే రూపాలు, రెండూ జనం గుర్తుపెట్టుకున్నవే. ఇది చాలా అరుదు. గేమ్స్ ఆడేవాళ్లని అడగండి, ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2’లో స్టార్మ్ లేని గట్టి జట్టు తక్కువ.

పాతసంచికలు:

గీతలరాత గారి మాటకి ఒకటి కలుపుతాను. వండర్ వుమన్ కూడా ఊరికే ఐకాన్ అయిపోలేదు. 1968లో డీసీ ఆమె శక్తులు తీసేసి, ఆ దుస్తులు కూడా తీసేసి, మామూలు గూఢచారిలా మార్చింది. 1972లో మహిళా హక్కుల ఉద్యమకారిణి గ్లోరియా స్టైనమ్ వాళ్లు తమ ‘మిస్’ పత్రిక జులై సంచిక ముఖచిత్రంగా పాత వండర్ వుమన్‌నే వేశారు, పాత దుస్తుల్లోనే. మరుసటి ఏడాది శక్తులు తిరిగొచ్చాయి. 1975 నుంచి లిండా కార్టర్ టీవీ సిరీస్. ఐకాన్‌ని నిలబెట్టింది కంపెనీ కంటే బయటి ఆడవాళ్లే. 2016లో ఐక్యరాజ్యసమితి ఆమెని గౌరవ రాయబారి అంది. ఆ దుస్తుల్ని తప్పుపడుతూ వేలమంది సంతకాలు పెట్టడంతో డిసెంబరులోనే ముగించేశారు. అంటే అప్పటికీ, ఇప్పటికీ ఆమె గురించి జనం పట్టుబట్టి వాదించుకుంటున్నారు.

ఆ లెక్కన చూస్తే, సూ కోసం నేను ఓటేశాను గానీ, బస్సుల మీద అతికించిన కమలా బొమ్మే ఆ 1972 ముఖచిత్రానికి దగ్గరగా ఉంది.

ఎర్రమాయ:

వానమబ్బు అన్నా, స్టార్మ్ అంత గొప్పదైతే సినిమాల్లో ఎందుకు అలా తేలిపోయింది? నేను సినిమాలే చూశాను. మూల నిలబడి మెరుపులు వేయడమే గుర్తుంది. చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వానమబ్బు:

సరైన ప్రశ్న. ఎక్స్‌మెన్ సినిమా హక్కులు 1990ల్లోనే ఫాక్స్ స్టూడియోకి వెళ్లిపోయాయి. 2000 నుంచి వాళ్లు తీసిన సినిమాల్లో కథంతా వుల్వరీన్ చుట్టూనే తిరిగింది. హాలీ బెర్రీ లాంటి నటిని పెట్టుకుని కూడా ఆ కైరో బాల్యం, ఆ భయం, ఆ నాయకత్వం ఏదీ వాడుకోలేదు. 2019 మార్చిలో డిస్నీ ఫాక్స్‌ని కొనేదాకా మార్వెల్ స్టూడియోస్ ఆమెని ముట్టుకోలేకపోయింది. కెప్టెన్ మార్వెల్ సినిమా వచ్చిన నెల కూడా అదే! గగనవిహారి గారు చెప్పే జనాదరణలో ఈ హక్కుల గొడవ వాటా చాలా ఉంది. ఆ ఇరవై ఏళ్లు స్టార్మ్ మార్వెల్ చేతిలో ఉండి ఉంటే ఈ చర్చ ఇలా ఉండేది కాదు.

మొదలుపెట్టడానికి 170, 173, 185, 186, 201 ఈ వరుసలో చదువు. మధ్యలో వేరే పాత్రల కథలు వస్తాయి, కంగారుపడకు. చదవడం కష్టమనిపిస్తే 2024లో వచ్చిన ‘ఎక్స్‌మెన్ 97’ కార్టూన్ చూడు, అందులో ఫోర్జ్ కథని రెండు భాగాలుగా చూపించారు. తర్వాత అల్ ఎవింగ్ 2022లో మొదలుపెట్టిన ‘ఎక్స్‌మెన్ రెడ్’. అందులో ఆమె అంగారక గ్రహం మీద పాలనలో ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఆమె పడే సంకోచం, సింహాసనం వద్దనే తీరు చూడు. 2024లో సొంత సిరీస్ కూడా మొదలైంది, మురేవా అయోడెలే రచన.

చట్టంచదివినోడు:

ఆ జాబితాకి 102 కూడా చేర్చండి. శిథిలాల బాల్యం మొదట చెప్పింది అందులోనే. యుద్ధం మధ్యలో ఇరుకు చోట బిగుసుకుపోతుంది. అది చదివాకే 170లో ఆ సొరంగంలోకి దిగడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

జెర్సీసిటీఅమ్మ:

వానమబ్బు గారూ, ఆ వరుస రాసుకున్నాను, మా లైబ్రరీలో అడుగుతాను. కిట్టీ ఏడుస్తూ పారిపోయే 173 మా అమ్మాయితో కలిసి చదవాలనుంది, తనిప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. ఓటు మాత్రం కమలాకే.

గగనవిహారి:

హక్కుల సంగతి ఒప్పుకోవాల్సిందే. అయినా నా ఓటు మారదు. 2023లో ‘ది మార్వెల్స్’ ఆడకపోయేసరికి క్యారోల్ పని అయిపోయిందని నెట్‌లో చాలామంది సంబరపడ్డారు. మగ హీరోల సినిమాలు ఎన్ని పోయినా ఆ హీరో పనికిరాడని ఎవరూ అనరు. ఆ సినిమాలో క్యారోల్, మోనికా, కమలా ముగ్గురూ ఉన్నారు, ఈ థ్రెడ్‌లో మనం ఇష్టపడ్డవాళ్లే. అదే ఏడాది కామిక్స్‌లో అవెంజర్స్‌కి నాయకురాలు క్యారోల్. మరుసటి ఏడాది ఆ జట్టులో చేరింది ఎవరనుకున్నారు, మీ స్టార్మే. క్యారోల్ పిలిస్తే వచ్చింది! జెడ్ మెకే రాసిన ఆ సంచికలు చదివి వచ్చి చెప్పండి వానమబ్బు గారూ, ఇద్దరూ ఒకే గదిలో ఉంటే మాట ఎవరిది చెల్లుతోందో అక్కడ తేల్చుకుందాం.